ఈక గాలం కట్టే పిల్లలకు నాలుగు మాటలు

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తే రోజులు దాటాయంటే మా చుట్టుపక్కల చెరువులు అడుగంటడం మొదలవుతుంది. కొర్రమీను గాలాలు బయటికొచ్చేది అప్పుడే. ఈ మధ్య పిల్లలు ఫోన్లో ట్రౌట్ వేట చూసి, ఆ ఈకల ‘ఫ్లై’ మనమూ కడదామా తాతా అంటున్నారు. నీళ్లు 20 డిగ్రీల లోపు ఉంటేనే ట్రౌట్‌కు సుఖం. దాని కోసం కాశ్మీరుకో నీలగిరికో పోవాలి. ఆ కట్టుడు మాత్రం మన కొర్రమీనుకూ పనికొస్తుంది.

1. సామానుకు డబ్బు తగలేయకండి. గాలపు ముల్లు, కుట్టుమిషను దారం, పుంజు మెడ ఈక, చిరిగిన గోనెసంచి పీచు చాలు. మాసిడోనియాలో ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని సుమారు 1800 ఏళ్ల కింద ఈలియన్ అనే రోమన్ రచయిత రాశాడు. సరుకు నేటికీ అదే. పెరిగింది ధరే.

2. ప్లేయరు పిడులకు సైకిల్ ట్యూబు ముక్క బిగించి, దాని నోట్లో ముల్లు పెట్టండి. ముల్లు కాడ మీద దారం వరసగా చుట్టి, వంపు దాకా పోయి, అక్కడ పీచు కలిపి వెనక్కి రండి. ఇప్పుడు ఈక మొదలు కట్టి నాలుగైదు చుట్లు తిప్పితే పోగులు నిక్కబొడుచుకుంటాయి. ముడివేసి, చుక్క గోళ్లరంగు పెట్టండి. కొత్తవాళ్లు ఈకను ముల్లు కంటి దాకా కుక్కేస్తారు. అక్కడ వడ్లగింజంత జాగా వదలకపోతే నైలాన్ దారం ఎక్కదు.

3. అందం చేపకు పట్టదు, దానికి కావలసింది కదలిక. రీలు కూడా అక్కర్లేదు. జపాన్ కొండవాగుల్లో టెన్కారా వేటగాళ్లు కట్టె కొనకే దారం కట్టి ట్రౌట్ పడతారు. మన వెదురు కట్టె ఏం తక్కువ?

4. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. బుడగ లేచిన చోటికి కాస్త అవతల వేసి, కప్పపిల్ల ఈదినట్టు ఆపి ఆపి లాగండి. కొట్టగానే గుంజకండి, నోట్లోకి పోనివ్వండి.

5. చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సంఘానిది. అడిగి వేయండి.

6. వానలు పడ్డాక నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటుంది. కింద తల్లీ తండ్రీ కాపలా. ఈక ఆడిస్తే కోపంతో మీదికొస్తాయి కాబట్టి చాలామంది అక్కడే వేస్తారు. నా దృష్టిలో అది వేట కాదు. పెద్దవి పోతే ఆ పిల్లల్ని పక్షులూ మిగతా చేపలూ మిగల్చవు. మృగశిర కార్తెకు కొర్రమీను ఎంత ధర పలికినా సరే, పిల్లల గుంపు కనిపిస్తే గాలం చుట్టేసి ఇంటికి రండి బిడ్డా.