తాళంచెవి పిల్లల చేతికివ్వు

మేనకోడలికి,

హైస్కూల్లో లైబ్రరీ బాధ్యత నీకు అప్పజెప్పారనీ, లెక్కల టీచరువి నీకు ఆ పనేం తెలుసుననీ బెంగగా రాశావు. ఎస్.ఆర్. రంగనాథన్ కూడా లెక్కలు చెప్పినవాడేనమ్మా. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న ఆయన్ని 1924లో యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా వేశారు. 1931లో ఆయన రాసిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకం ఉన్నది వాడుకోవడానికని. మన బడుల్లో చాలాచోట్ల పుస్తకాలు బీరువాలో, తాళంచెవి స్టాఫ్ రూములో ఉండిపోతాయి. ఒక్కటి పోయినా ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలన్న భయం. పీరియడ్లన్నీ నిండిపోయిన టీచరుకి ఆ గది ఒంటిచేత్తో నడపడం అయ్యే పని కాదు. పిల్లలే నడపాలి. వాళ్లకు నువ్వు నేర్పాలి.

ముందు సహాయకుల ఎంపిక సంగతి. పదో తరగతి వాళ్లను తీసుకోకు, స్పెషల్ క్లాసులతోనే వాళ్లకు ఊపిరాడదు. ఏడు, ఎనిమిది తరగతుల్లోంచి ఎక్కువమందినీ, తొమ్మిదిలోంచి కొందరినీ తీసుకుంటే ఈ ఏడు నేర్చినవాళ్లు వచ్చే ఏడు కొత్తవాళ్లకు నేర్పుతారు. ఫస్టు ర్యాంకుల వాళ్లతోనే నింపెయ్యకు. తడుముకుంటూ చదివే పిల్లవాణ్ణి కూడా ఒకణ్ణి కావాలనే వేసుకో. రోజూ పుస్తకాల మధ్య తిరిగితే వాడికి చదువంటే బెదురు తగ్గుతుంది. ఇంకోమాట. మగపిల్లలు కట్టలు మొయ్యడం, ఆడపిల్లలు ఊడవడం అన్న పంపకం మొదటిరోజే రాకుండా చూడు. ఏ పనైనా అందరూ వంతులవారీగా చెయ్యాలి. క్లాసు ఎగ్గొట్టి ఎవరూ రాకూడదు.

పుస్తకాలు విషయంవారీగా సర్దే నంబర్లు నేర్పడం నీకు సులువే. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. దాని పక్కన 894.9 రాసి ఏది ముందో అడుగు. తొమ్మిది కన్నా ఎనిమిది వందల ఇరవై ఏడు పెద్దది కదా అని చాలామంది వాదిస్తారు. దశాంశాల పాఠం అక్కడే, పుస్తకాలు చేతపట్టి చెప్పు, ఇక మరిచిపోరు. చిన్న లైబ్రరీకి అన్ని అంకెలూ అక్కర్లేదు. మొదటి మూడంకెలూ, విభాగానికో రంగు చీటీ చాలు. అసలు చిక్కు రచయితల పేర్ల దగ్గర వస్తుంది. శ్రీశ్రీని ఇంటిపేరుతో శ్రీరంగం దగ్గర పెట్టాలా, శ్రీశ్రీగానే పెట్టాలా? చలాన్ని గుడిపాటి అని ఎవరు వెతుకుతారు? చదివేవాళ్లు ఏ పేరుతో అడుగుతారో ఆ పేరు దగ్గరే పెట్టమంటాను. ఏది ఖాయం చేసినా అట్టమీద రాసి గోడకు తగిలించు, లేకపోతే వంతుకొక పద్ధతి పుట్టుకొస్తుంది.

తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయినదానితో సమానం. అందుకని కొత్తవాళ్లు అరలో సర్దిన పుస్తకాన్ని కొంచెం బయటికి లాగి ఉంచాలి. అనుభవమున్నవాళ్లు చూసి లోపలికి నెట్టాలి. తిరిగొచ్చిన పుస్తకం నేరుగా అరలోకి పోకూడదు. ముందు బల్లమీద పేజీలు తిప్పి చూడాలి. చిరిగితే సెలోటేపు అంటించనివ్వకు, కొన్నాళ్లకు పసుపుపచ్చగా మారి కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. పలచటి మైదాజిగురు, సన్నటి కాగితం ముక్క ఉంటే చాలు. స్టాంపు వెయ్యడం పిల్లలకు మహా ఇష్టం, వాళ్లనే వెయ్యనీ. ఇష్యూ పుస్తకం కూడా వాళ్లే రాస్తారు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే యాక్సెషన్ రిజిస్టరు మాత్రం నీ చేత్తోనే రాయి. ఆడిట్‌కు చూపించేది అది.

ఇవన్నీ కొద్దివారాల్లో వచ్చేస్తాయి. వీటన్నిటికన్నా ముందు నేర్పాల్సింది బల్ల దగ్గర మర్యాద. దీనికి తొందరపడకు. తొమ్మిదో తరగతి కుర్రాడు చిన్నపిల్లల బొమ్మలకథ తీసుకుంటే నవ్వకూడదు. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో బయట చెప్పకూడదు. ఒంటి గురించో, ఇంట్లో గొడవల గురించో ఉన్న పుస్తకం ఒక పిల్ల భయపడుతూ తీసుకెళ్తుంది. ఆ మాట క్లాసులో పొక్కిందంటే ఆ పిల్ల మళ్లీ గడప తొక్కదు. గడువు దాటినవాళ్ల పేర్లు ప్రేయర్లో చదివించొద్దు. విడిగా పిలిచి గుర్తుచేస్తే తెస్తారు. పుస్తకం పోగొట్టిన పిల్లల్ని సహాయకులు దబాయించకూడదు, నీ దగ్గరకు తీసుకురావాలి. కూలికెళ్లే ఇంటి పిల్ల డబ్బు కట్టమంటారేమోనని లైబ్రరీనే మానేస్తుంది. ఆ నష్టంతో పోలిస్తే పుస్తకం ధర ఎంతమ్మా?

మంచి పుస్తకం ఇమ్మని ఆరో తరగతి పిల్ల అడిగితే ఏం చెయ్యాలో నటింపజేసి చూపించు. ఒకరు అడిగేవాళ్లు, ఒకరు ఇచ్చేవాళ్లు. ఇంతకుముందు ఏది నచ్చిందో అడగాలి, రెండుమూడు తీసి చూపించాలి, పక్కకు తప్పుకుని ఆ పిల్లను పేజీలు తిప్పుకోనివ్వాలి. ఈ పక్కకు తప్పుకోవడమే అన్నిటికన్నా కష్టం, పెద్దవాళ్లకే రాదు. చదవనివాడు చదివించలేడు కనుక, వారానికోసారి సహాయకులందరూ కూర్చుని తాము చదివినదాని గురించి ఒకరికొకరు చెప్పుకోవాలి.

లైబ్రరీకి రాని తరగతులు కూడా ఉంటాయి. మా వైపు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువమీద 1935లో పుస్తకాల పడవ తిరిగింది. పాతూరి నాగభూషణం గారివంటి పెద్దల పూనిక అది. పాఠకులు రాకపోతే పుస్తకాలనే వాళ్ల రేవుకు చేర్చారు. ఆ సంగతి మీ పిల్లలకు చెప్పి, వారానికోరోజు సంచిలో పుస్తకాలు వేసుకుని ఆరో తరగతికి వెళ్లమను.

ఏడాది చివర లెక్క చూసుకుంటే కొన్ని పుస్తకాలు తక్కువొస్తాయి. వాడుకలో ఉన్న ఏ లైబ్రరీకైనా అది తప్పదు. జాబితా రాసి హెడ్మాస్టరుగారి ముందు పెట్టు, దానికో పద్ధతి ఉంది. పిల్లల్ని మాత్రం దొంగల్లా సోదా చెయ్యొద్దు.

పేర్లు ఈ వారంలోనే రాసేసుకో. జులై దాటిందంటే పరీక్షలూ పండగలూ వరసగా వచ్చిపడతాయి, ఎంపిక మరుసటి ఏడాదికి జరిగిపోతుంది.

ఇట్లు
మీ మావయ్య