వార్తలు సమాప్తం... ఇక మీ ఉదయం మొదలు!

ఉదయం ఆరున్నర. అలారం మోగింది. దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి అలారం ఆపింది. అదే చెయ్యి ఫోన్‌ని దుప్పట్లోకి లాక్కెళ్లింది.

ఆ చెయ్యి మీదే.

ఇరవై నిమిషాలు గడిచాయి. బంగారం ధర చూశారు. ఎక్కడో లేఆఫ్స్ అట, చదివారు. ఆదిలాబాద్‌లో చలి ఎంతుందో తెలుసుకున్నారు. సంక్రాంతి సినిమాల టికెట్ రేట్ల మీద ఎవరో కొట్టుకుంటుంటే కింద కామెంట్లు కూడా వదల్లేదు. కాలు ఇంకా నేల మీద పెట్టలేదు, మనసు మాత్రం అప్పుడే ఆఫీసు నుంచి తిరిగొచ్చినంత అలిసిపోయింది.

ఈ అలవాటు మారుతుంది. మీరే మారుస్తారు. వార్తలు మానెయ్యమని నేను అనను. లోకం సంగతి తెలిసిన మనిషి ఆఫీసుకి అందం. నేను అడిగేది ఒక్కటే: వార్తల చోటు మార్చండి. దుప్పట్లోంచి తీసి టీ కొట్టు దగ్గర పెట్టండి. ఒంటరిగా వణుకుతూ చదివే వార్త భయపెడుతుంది. అదే వార్త నలుగురి మధ్య, చేతిలో వేడి గ్లాసుతో మాట్లాడుకుంటే దారి చూపిస్తుంది.

సమాప్తం అనే మాట ఒకటి ఉండేది

చలికాలం పొద్దున్నే మా నాన్న రేడియో పెట్టేవారు. ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు. పది నిమిషాలు. చివర్లో వార్తలు సమాప్తం అని వినపడగానే రేడియో కట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుని నూతి దగ్గరికి వెళ్లిపోయేవారు. లోకంలో ఏం జరిగిందో ఆయనకి తెలుసు. తన పని ఏమిటో కూడా తెలుసు. రెండింటికీ మధ్య ఆ ఒక్క మాట గోడలా నిలబడేది.

మీ ఫోన్‌లో ఆ మాట లేదు. వేలు పైకి తోస్తూ ఉన్నంతసేపు కింద నుంచి ఇంకోటి వస్తూనే ఉంటుంది. అది అలాగే తయారైంది. కాబట్టి సమాప్తం అనాల్సింది మీరే. నిజంగానే అనండి, పైకి వినపడేలా. ఫోన్ బోర్లా పెట్టి, "వార్తలు సమాప్తం" అనండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. నేను నడిపే క్లాసులో ఒకావిడ ఇది మొదలుపెట్టిన వారానికి వాళ్ల ఆరేళ్ల బాబు, అమ్మ ఫోన్ పట్టుకున్నప్పుడల్లా తనే సమాప్తం చెప్పడం మొదలుపెట్టాడు. అంతకంటే మంచి రిమైండర్ యాప్ ఏముంటుంది?

మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి

"నాకు బద్ధకం ఎక్కువండీ" అని చాలామంది చెబుతారు. ముందు ఈ లెక్క చూడండి.

హైదరాబాద్‌లో జూన్ మొదట్లో సూర్యుడు దాదాపు 5.40కే వచ్చేస్తాడు. జనవరి మూడో వారంలో 6.50 దగ్గర పడుతుంది. అంటే గంటకు పైగా తేడా. డిసెంబర్ 21, 22 తేదీల్లో పగలు అన్నిటికంటే చిన్నది, నిజమే. కానీ అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది అప్పుడు కాదు, సంక్రాంతి దాటాక. భూమి అక్షం వంగి ఉండటం, సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాకపోవడం, ఈ రెండూ కలిసి చేసే పని ఇది. అలారం మాత్రం ఏడాది పొడవునా ఆరున్నరకే. జూన్‌లో ఆ టైమ్‌కి ఎండ. జనవరిలో ఆ టైమ్‌కి ఇంకా మసక చీకటి. ఒళ్లు లేవనంటే దాని తప్పేముంది?

అమెరికా టీమ్‌తో పనిచేసేవాళ్లకి ఇంకో గంట అదనం. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. రాత్రి ఏడున్నరకు ఉండే కాల్ ఎనిమిదిన్నరకు జరుగుతుంది. రాత్రి గంట ఆలస్యం, తెల్లవారడమూ గంట ఆలస్యం. మధ్యలో మీరు.

కాబట్టి ఇది మీ గుణంలో లోపం కాదు. సర్దుబాటు చేసుకోవాల్సిన సెట్టింగ్. సెట్టింగ్ అయితే మార్చుకోవచ్చు కదా!

ఆ సెట్టింగ్ మార్చే స్విచ్ వెలుతురు. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది కణాల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా కంటికి తగిలే పొద్దుటి వెలుతురు. ఫోన్ వెలుగు దానికి ఏ మూలకూ చాలదు.

అందుకే మొదటి అరగంట ఇలా:

– లేవగానే కర్టెన్ తీయండి. మబ్బుగా ఉన్నా సరే. తెల్లవారాక బయటి వెలుతురు ట్యూబ్‌లైట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.
– గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు. చలికాలంలో దాహం అంతగా వెయ్యదు, నీళ్లు తాగడం మర్చిపోతాం.
– పది నిమిషాలు బాల్కనీలోనో డాబా మీదో నిలబడండి. మొక్కలకు నీళ్లు పొయ్యండి. పాలపాకెట్ మీరే తెచ్చుకోండి.

వాకింగ్ చేసేవాళ్లకి ఒక మాట. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది. మూత పెట్టినట్టే. పొగ, దుమ్ము పైకి పోలేక కిందే ఉండిపోతాయి. కాబట్టి మెయిన్ రోడ్డు పక్కన ఐదింటికి నడవడం గొప్ప కాదు. ఎండ కాస్త ఎక్కాక, కాలనీ లోపలి వీధుల్లోనో పార్కులోనో నడవండి. ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) చూడండి. 100 లోపు ఉంటే హాయిగా నడవండి. 200 దాటితే ఇంట్లోనే సూర్య నమస్కారాలు చేసుకోండి. పొద్దున్న మీరు చూడాల్సిన వార్త ఏదైనా ఉంటే ఆ ఒక్క అంకే!

30 రోజుల ఛాలెంజ్ మనకి కొత్తా?

ఈ మధ్య అందరూ 30 డే ఛాలెంజ్ అంటున్నారు. మన ధనుర్మాసం ఏమిటి మరి?

డిసెంబర్ సగం నుంచి భోగి దాకా. ఆండాళ్ తిరుప్పావైలో 30 పాశురాలు. రోజుకి ఒకటి. తిరుమలలో కూడా ఈ నెల రోజులూ సుప్రభాతం బదులు తిరుప్పావైతోనే స్వామిని మేల్కొలుపుతారు. ధనుర్మాసం వచ్చింది కాబట్టి మేలుకొలుపు మార్చుకోవడం ఆ ఏడుకొండలవాడికే ఉంటే, మీరు మీ అలారం పద్ధతి మార్చుకోకూడదా?

నాకు ఈ నెల ఎంతో ఇష్టం. భక్తి సంగతి అలా ఉంచినా, అలవాటు ఎలా కట్టుకోవాలో ఇంత చక్కగా చెప్పే పాఠం ఇంకోటి నేను చూడలేదు. పని చిన్నది: రోజుకి ఒక్క పాశురం. తేదీకి ముడిపడి ఉంది: ఇవాళ్టిది ఇవాళే. చివర తీపి ఉంది: చక్కెర పొంగలి! ఇంకో గొప్ప సంగతి గమనించండి. ఒక రోజు గుడికి వెళ్లలేకపోయారు. మర్నాడు ఏం చేస్తారు? ఆ రోజు పాశురంలో కలిసిపోతారు. నిన్నటిది బకాయి పెట్టుకుని ఏడుస్తూ కూర్చోరు. మనం జిమ్ మానేసేది ఎక్కడ? సరిగ్గా ఆ బకాయి దగ్గరే. రెండు రోజులు పోయాయి కాబట్టి ఈ నెల పోయినట్టే అనుకుంటాం. పోలేదండీ. ఇవాళ్టి పాశురం ఇవాళ ఉంది.

ముగ్గునూ చూడండి. రాత్రి వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. అయినా మర్నాడు మళ్లీ వేస్తారు. వాకిట్లో వేస్తారు కాబట్టి వీధంతా చూస్తుంది. చూసేవాళ్లు ఉంటే చేసేవాళ్లకి హుషారు. మీ అలవాటుకీ ఒక వాకిలి కావాలి. ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండర్ పెట్టి రోజూ ఒక చుక్క పెట్టండి. 30 చుక్కలు. చుక్కలు కలిపితే ముగ్గు.

ధనుర్మాసం అయిపోయిందా? పర్వాలేదు. రేపు ఒకటో రోజు అనుకోండి.

టీ గ్లాసే టైమర్

ఇప్పుడు ఆఫీసుకి వద్దాం. పదకొండు గంటలు. గేటు బయట టీ కొట్టు. స్వెట్టర్లు, మఫ్లర్లు, పొగలు కక్కే గ్లాసులు. లంబసింగి చలి ఎక్కువా, ఆదిలాబాద్ చలి ఎక్కువా అని రాజమండ్రి అబ్బాయికీ కరీంనగర్ అన్నకీ వాదన. మీ వార్తల టైమ్ ఇదే. గ్లాసు నిండుగా ఉన్నంతసేపు లోకమంతా మాట్లాడండి. గ్లాసు ఖాళీ అయితే సమాప్తం.

ఆ మాటల్లో కూడా ఒక పద్ధతి పెట్టుకుంటే బోలెడు లాభం. ఇలాంటి సంభాషణ మీరూ వినే ఉంటారు:

"తమ్మీ, కొత్త లేబర్ కోడ్స్ వచ్చినయ్ గదా, మన టేక్ హోమ్ తగ్గుతదంట."

"ఎవరన్నారన్నా?"

"వాట్సాప్‌ల వచ్చింది."

"అయితే మన పేస్లిప్ చూద్దాం అన్నా. పీఎఫ్ ఎంత కోస్తున్నారు?"

ఆ తమ్ముడిని చూడండి. భయపడలేదు, కొట్టిపారెయ్యలేదు. వార్తని కాగితం దగ్గరికి తీసుకెళ్లాడు. 29 పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. బేసిక్, డీఏ లాంటివి మొత్తం జీతంలో కనీసం సగం లెక్కకి రావాలన్నది అందులో ఒక నియమం. పీఎఫ్‌ని చట్టం చెప్పిన 15,000 పరిమితి మీదే కోస్తుంటే టేక్ హోమ్ తగ్గదని కార్మిక శాఖే వివరణ ఇచ్చింది. 15,000లో 12 శాతం అంటే 1,800. మీ పేస్లిప్‌లో పీఎఫ్ దగ్గర 1,800 ఉందా? ఉంటే ఆ పరిమితి మీదే కోస్తున్నారన్నమాట. అంతకంటే ఎక్కువ ఉంటే హెచ్ఆర్‌ని ఒక ప్రశ్న అడగండి. వారం రోజుల గుబులు రెండు నిమిషాల్లో తీరిపోయింది!

ఏ వార్త వచ్చినా ఇవే అడగండి. ఎవరు చెప్పారు? నా జీవితంలో ఏం మారుతుంది? ఈ వారం నేను చెయ్యాల్సింది ఏమైనా ఉందా? మూడోదానికి జవాబు లేకపోతే ఆ వార్త కాలక్షేపం. కాలక్షేపం తప్పు కాదు, టీతో పాటు అయిపోవాలంతే.

పని గంటల గొడవ గుర్తుందా? 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 గంటల మాట బయటికొచ్చింది. ఆ నెలంతా ప్రతి టీ కొట్టూ అసెంబ్లీయే. వారానికి ఉన్నవి 168 గంటలు. 90 అంటే ఆదివారం కూడా కలుపుకుని రోజుకి దాదాపు 13. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. మనిషికి ఇల్లు ఉంది, నిద్ర ఉంది. అయితే టీ కొట్టు దగ్గర వాదించేవాళ్లని నేనొక ప్రశ్న అడిగేవాణ్ని: మరి మీరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు? నూటికి తొంభైమంది తడుముకునేవారు. చైర్మన్ గంటలు తెలుసు, తమ గంటలు తెలియవు. ఒక్క వారం రాసుకోండి. పని, ప్రయాణం, నిద్ర, ఫోన్. నాలుగు గళ్లు చాలు. ఫోన్ గడి చూసి మీరే నిర్ణయం తీసుకుంటారు. నేను చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 1న బడ్జెట్ వస్తుంది. అప్పుడూ ఇంతే. పదకొండింటి నుంచి టీవీకి అతుక్కోకండి. సాయంత్రం పది నిమిషాలు, మీ శ్లాబు ఏమిటో, పాత విధానమా కొత్త విధానమా చూసుకోండి. ఇన్వెస్ట్‌మెంట్ ప్రూఫ్స్ సబ్మిట్ చేశారా? అది ముందు.

ఇవాళ రాత్రే

చలికాలం ఉదయం ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. కాఫీలో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి నాలుగు దాటాక కాఫీ వద్దు. రేపటి బట్టలు, స్వెట్టర్ కుర్చీ మీద పెట్టండి. గీజర్ స్విచ్ ఎవరు వెయ్యాలో ఇంట్లో ఇవాళే మాట్లాడుకోండి.

చివరగా, ఈ పేజీ పక్కన పెట్టి ఒక పని చెయ్యండి. మంచం పక్కనున్న ఛార్జర్ తీసి హాల్లో, కిటికీ పక్క ప్లగ్‌లో పెట్టండి. రేపు ఆరున్నరకు అలారం అక్కడ మోగుతుంది. ఆపాలంటే లేచి నడవాల్సిందే. అక్కడిదాకా వెళ్లారు కదా, కర్టెన్ తీయండి.