పాత ల్యాప్‌టాప్ పారెయ్యకు

చిలకలపూడి,
కార్తీక శుద్ధ దశమి.

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

రేపు ఏకాదశి, పాండురంగడి గుడి దగ్గర అప్పుడే కొట్లు వెలిశాయి. పున్నమి దాకా ఇల్లంతా చుట్టాలే కాబట్టి ఈ రాత్రే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. ఇది దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకో.

నువ్వు అడిగింది ఒకటే మాట. అన్నయ్య వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌తో తాతయ్య భజన క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించడం, దివిసీమ వెళ్ళి 1977 ఉప్పెన చూసిన పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేయడం కుదురుతుందా, లేక కొత్తది కొనాలా అని. కుదురుతుంది. కొత్తది కొనకు. ఆ డబ్బులో కొద్దిగా ఖర్చు పెట్టి బయట తగిలించుకునే సౌండ్ కార్డు తీసుకో. మిగిలింది బస్సు చార్జీలకు ఉంచుకో.

నువ్వు పంపిన క్యాసెట్టు రికార్డింగు నమూనా రెండుసార్లు విన్నాను. వెనకాల హోరు, దాని మీద తాతయ్య గొంతు చిట్లిపోయి వినిపిస్తోంది. ఆ తప్పు క్యాసెట్టుది కాదు, ల్యాప్‌టాప్ వయసుదీ కాదు. టేప్ రికార్డరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ తెచ్చి ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టావు. మైకు రంధ్రం కొద్ది మిల్లీవోల్టుల కోసం తయారైంది. టేప్ రికార్డరు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పంపిస్తుంది. అంత శబ్దం పట్టక శబ్దపు అలల తలలన్నీ తెగిపోతాయి. అలా తెగిన శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ రంధ్రం మోనో మాత్రమే. ఎడమవైపు తాళాలు, కుడివైపు మృదంగం అన్న తేడా అక్కడే పోతుంది.

ఇక హోరు సంగతి. ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను, హార్డ్ డిస్కు, ప్రాసెసరు అన్నీ ఒకే డబ్బాలో పక్కపక్కనే, ఒకే కరెంటు మీద బతుకుతాయి. బలహీనమైన మైకు సిగ్నలు వాటి పక్కనుంచి వెళ్ళేసరికి వాటి రొద అంటుకుంటుంది. బయటి సౌండ్ కార్డు చేసే మేలు ఇదే. శబ్దాన్ని ల్యాప్‌టాప్ బయటే అంకెలుగా మార్చేస్తుంది. యూఎస్‌బీ తీగలో నడిచేవి అంకెలే గనుక ఆ తర్వాత రొద అంటుకునే చోటు ఉండదు.

పాత యంత్రం ఇంత పని మోయలేదేమోనని భయపడకు. సీడీ నాణ్యత స్టీరియో శబ్దం అంటే సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు చానళ్ళు. అంతా కలిపితే సెకనుకి సుమారు 1.4 మెగాబిట్లు. మొదటి తరం యూఎస్‌బీ 1.1 వేగమే 12 మెగాబిట్లు, నీ దాంట్లో ఉన్న 2.0 వేగం 480. నిమిషానికి 10 మెగాబైట్ల లెక్కన గంట క్యాసెట్టుకి 600 మెగాబైట్లు దాటుతుంది, అంతే. పదేళ్ళ నాటి హార్డ్ డిస్కుకి అదేమీ బరువు కాదు.

కొనేటప్పుడు మాత్రం తొందరపడకు. బందరు కోనేరు సెంటరులో రెండు మూడు వందలకు దొరికే బొటనవేలంత యూఎస్‌బీ ముక్కలున్నాయే, వాటిలో చాలావాటికి ఉన్నది మళ్ళీ మోనో మైకు రంధ్రమే. క్యాసెట్లకు అది పనికిరాదు. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ రంధ్రాలతో స్టీరియో లైన్ ఇన్ ఉన్నది చూడు. బెహ్రింగర్ యూసీఏ 202 లాంటి చిన్న పెట్టె ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. మనుషుల మాటలు రికార్డు చేయడానికైతే పెద్ద మూడు పిన్నుల మైకు ఎక్కే ఇంటర్ఫేస్ కావాలి. కండెన్సర్ మైకు పెడితే దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా ఇవ్వాలి. యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇవ్వగలిగింది 500 మిల్లీఆంపియర్లు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఆ భారం తెలుస్తుంది. అందుకే నా మాట విని మామూలు డైనమిక్ మైకే వాడు. దానికి ఫాంటమ్ అక్కర్లేదు, వీధి చప్పుడు కూడా తక్కువ పట్టుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పెట్టె మీద యూఎస్‌బీ ఆడియో క్లాస్ 1 అని ఉంటే నీ దాంట్లో ఉన్న విండోస్ 7 దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. క్లాస్ 2 అయితే విండోస్ సొంతంగా గుర్తుపట్టడం 2017లో వచ్చిన విండోస్ 10 మార్పుతో మొదలైంది. అంతకు ముందున్న విండోస్‌కి తయారీదారు డ్రైవరు ఉండి తీరాలి. కొత్త మోడళ్ళకు విండోస్ 7 డ్రైవర్లు దొరకడం కష్టం. కాబట్టి కొనకముందే అడుగు. లేదంటే ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేయించు, అది రెండు తరగతులనూ గుర్తుపడుతుంది.

రికార్డు చేసే ముందు వైఫై ఆపు. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటుంది, అదీ ఆపు. సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ తీసెయ్. పెట్టెను హబ్బుకి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించు. శబ్దం మధ్యలో టిక్కుటిక్కుమని తెగుతుంటే బఫరు పెంచు. కాలవ కట్టేసిన నెలల్లో మన ఊళ్ళకు మంచినీళ్ళ చెరువు ఎలా ఆదుకుంటుందో, ప్రాసెసరు వేరే పనిలో పడ్డ క్షణాన బఫరు అలా ఆదుకుంటుంది. పాటలు పాడేవాళ్ళు తమ గొంతు తమకు ఆలస్యంగా వినిపిస్తుందని బఫరు తగ్గిస్తారు. నీకు ఆ ఇబ్బంది లేదు. 1024 నమూనాలు పెట్టుకో, సెకనులో నలభయ్యో వంతు ఆలస్యం కూడా కాదు. ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ళ మధ్య ఆడేలా చూసుకో. ఎర్రగీత తగలనివ్వకు. డబ్ల్యూఏవీగానే దాచు. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 వేరుగా చేసుకోవచ్చు.

గుయ్యిమనే మోత వస్తే అది మన 50 హెర్ట్జ్ కరెంటు మోత. ల్యాప్‌టాప్ చార్జరు ఒక దారిన, టేప్ రికార్డరు ఇంకో దారిన గోడకు తగిలి ఉంటే ఆ రెంటి మధ్య చుట్టు ఏర్పడుతుంది. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే మోత పోతుంది. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే టేప్ రికార్డరులోనే సెల్లులు వేసి నడుపు, చుట్టు తెగుతుంది. ఎవరైనా చార్జరు ఎర్త్ పిన్ను విరిచెయ్యమంటే మాత్రం వినకు. ప్రాణం మీదికి వస్తుంది.

మన ఊరి గాలి గురించి చెప్పి తీరాలి. బందరు చుట్టుపక్కల సముద్రపు తేమ, ఉప్పు ఇత్తడినీ రాగినీ ఊరికే వదలవు. మన ఇళ్ళల్లో గిల్టు నగల పని చేసేవాళ్ళకు ఇది పుస్తకంలో చదివితే వచ్చిన విద్య కాదు. బంగారానికి చిలుం పట్టదు. మంచి జాక్ పిన్నుల మీద సన్నటి బంగారు పూత వేసేది అందుకే, అందం కోసం కాదు. చవకరకం పిన్ను నాలుగు వానాకాలాలకే నల్లబడుతుంది. తీగ కదిపినప్పుడల్లా గరగరమంటుంది. పిన్నుల మీద కొంచెం ఎక్కువ ఖర్చయినా ఫరవాలేదు. పని అయ్యాక అన్నీ బియ్యపు డబ్బాలా మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టు.

తాతయ్య క్యాసెట్లలో కొన్నింటికి బూజు పట్టి ఉండొచ్చు. తెల్లటి మచ్చ కనిపించినదాన్ని అప్పుడే తిప్పకు, బూజు హెడ్డుకి అంటి మిగతా క్యాసెట్లకు పాకుతుంది. వాటిని వేరే పెట్టు, నేను వచ్చినప్పుడు చూస్తాను. మిగతావి ఎక్కించే ముందు దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది హెడ్డు తుడువు. ప్రతి క్యాసెట్టునూ ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కు తిప్పి ఆ తర్వాతే పాడించు. శబ్దం మందంగా ఉంటే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ విను. ఒకచోట తాళాలు ఖంగుమంటాయి. అక్కడ ఆపు.

ఇక దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఆనాడు ఇరవయ్యేళ్ళవాళ్ళు ఇవాళ డెబ్బైకి దగ్గర పడ్డారు. ఊరి పెద్దగా నిలబడి శవాలను లెక్కపెట్టినవాళ్ళు కొందరే మిగిలారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌ని వాళ్ళ ముందు పెట్టకు. తెర చూస్తే మాట బిగుసుకుపోతుంది. దాన్ని నీ వెనకాల, ఫ్యాను చప్పుడు మైకుకి తగలనంత దూరంలో ఉంచు. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. పైన తిరిగే ఫ్యాను ఆపమని మర్యాదగా అడుగు. వాళ్ళు ఏడిస్తే రికార్డింగు ఆపాలా అని వాళ్ళనే అడుగు, నువ్వు నిర్ణయించకు. తర్వాత ఎవరికైనా వినిపించే ముందు కూడా వాళ్ళ ఒప్పుదల తీసుకో. ఇంటికి రాగానే అదే రాత్రి ఇంకో డిస్కులోకి నకలు తియ్యి. పాత హార్డ్ డిస్కు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం.

క్యాసెట్లు ముందా, ఊళ్ళు ముందా అని తటపటాయించకు. బూజు లేని క్యాసెట్లు బీరువాలో ఇంకో ఏడాది ఉంటాయి. పున్నమి వెళ్ళగానే దివిసీమ బస్సెక్కు. మైకు నేను కొని పంపిస్తాను, పెట్టె మాత్రం నువ్వు చూసుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న