అరగంట అన్నం వేళ: సరకు చేరవేసే డ్రైవర్లు, వారి విరామ నియమాలు

మన భాషలో కాలాన్ని తిండితో కొలిచే మాటలున్నవి. చద్ది వేళ, అంబటి పొద్దు అని పల్లెలలో చెప్పుకొనేవారు. గడియారం లేని నాడు కూడ పని ఆగే వేళ ఒకటి ఉండేదని, దానిని పనివాడూ పని చేయించేవాడూ ఇద్దరూ ఎరిగి ఉండేవారని ఈ మాటలే సాక్ష్యం. పొలంలో ఒకరు గట్టు మీదికి వస్తే తక్కినవారు కూడ వచ్చేవారు. సరకు చేరవేసే డ్రైవరుకు ఆ సౌకర్యం లేదు. అతడు ఒంటరి. అతని పనిచోటు గంటగంటకు మారుతుంది. తిన్నాడో లేదో చూచేవారు పక్కన ఉండరు. ఆలస్యమైతే మాత్రం అడిగేవారు ఇద్దరు: పంపినవారొకరు, పుచ్చుకొనేవారొకరు. అందువల్ల అతని విరామాన్ని ఆచారానికి వదలిపెట్టక చట్టంలో వ్రాయవలసి వచ్చింది. వ్రాసిన తరువాత అది ఎంతవరకు అమలైనదన్నదే ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

మన దేశంలో ఇందుకు చిరకాలం ఆధారంగా నిలిచినది 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం. అయిదుగురు, అంతకు మించిన కార్మికులు గల రవాణా సంస్థలకు అది వర్తించేది. కిరాయికి సరకు మోసే సంస్థలకే గాక, తన సరకును తన వాహనాలలోనే చేరవేసుకొనే వ్యాపారికి కూడ వర్తించేది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. 15వ సెక్షన్ ప్రకారం కనీసం అరగంట విరామం లేకుండా ఏ కార్మికుడూ 5 గంటలకు మించి పనిచేయరాదు. రోజు మొత్తం మీద 6 గంటలకు మించి పని లేనివారికి మాత్రం ఈ విరామం తప్పనిసరి కాదు. ఒకనాటి పని ముగిసినది మొదలు మరునాటి పని ఆరంభమయ్యేదాకా 9 గంటలు ఎడతెగకుండా ఉండవలెను.

ఈ చట్టంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది 'పనిగంటలు' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం. కార్మికుడు యజమాని అధీనంలో ఉన్న కాలమంతా పనిగంటలే. బండి నడిచే సమయం, దానికి అనుబంధమైన పనుల సమయం మాత్రమే గాక, గమ్యస్థానాల వద్ద 15 నిమిషాలకు లోపు ఊరక వేచి ఉండే కాలం కూడ అందులో చేరుతుంది. సరకు దించేవారి కోసం గోదాము ముందు నిలిచిన డ్రైవరును చూచి 'ఖాళీగా ఉన్నాడు' అని మనం తేలికగా అంటాము. పిలిచిన మరుక్షణం లేచి పోవలసినవాడు ఖాళీగా ఉన్నవాడు కాడు. ఆ సందులో రెండు బిస్కట్లు తిని టీ తాగితే దానిని విరామమని లెక్కకట్టడం న్యాయం కాదు. మాటకు అర్థం చెప్పడంలో ఆనాటి శాసనకర్తలు మన నిఘంటుకారుల కంటె తక్కువవారేమీ కారు.

నియమం ఇంత చక్కనిదైనప్పుడు లోపమెక్కడ? అమలులో. ఉల్లంఘనకు ఆ చట్టం విధించిన శిక్ష మూడు నెలల వరకు ఖైదు, లేక 500 రూపాయల వరకు జరిమానా, లేక రెండూను. 1961లో ఆ మొత్తం బరువైనదే. రూపాయి విలువ తగ్గుతూ వచ్చినకొద్దీ అది యజమానికి చిల్లర ఖర్చు అయిపోయింది. పైగా తనిఖీ అధికారి స్వయంగా ఫిర్యాదు చేస్తేనో, లేక వ్రాతపూర్వకంగా అనుమతిస్తేనో తప్ప న్యాయస్థానం దానిని విచారణకు తీసుకొనేది కాదు. ఇక జరిమానా వసూలైనా అది ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఆకలితో బండి నడిపినవానికి అందులో పైసా రాదు.

2020లో వెలువడిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి (పత్రికలు 'కార్మిక కోడ్' అని వ్రాసేది దీనినే) 13 పాత చట్టాలను తనలో కలుపుకొన్నది. వాటిలో 1961 చట్టం ఒకటి. ఇది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. జరిమానా బాగా పెరిగింది: సాధారణ ఉల్లంఘనకు రెండు లక్షల రూపాయలకు తగ్గకుండా మూడు లక్షల వరకు. ఇది హర్షించదగినదే. కాని ఒకప్పుడు అయిదుగురు కార్మికులుంటే చాలునన్న హద్దు పదిమందికి పెరిగింది. ఆరుగురు డ్రైవర్లను పెట్టుకొని పాలో, గ్యాసు సిలిండర్లో పంపిణీ చేయించే చిన్న యజమాని ఇప్పుడు ఈ గీతకు ఆవల ఉన్నాడు. అంతేకాదు, ఎన్ని గంటలకు ఎంత విరామమన్నది స్మృతిలో అంకెలతో లేదు. ప్రభుత్వ ప్రకటనకు విడిచిపెట్టినారు. చట్టంలోని అంకెను మార్చడానికి సభలో చర్చ కావలసి ఉండేది. ప్రకటనను మార్చడానికి అంత అవసరం లేదు. తనిఖీ అధికారి పేరు సయితం 'తనిఖీదారు-సహాయకుడు' అని మారింది. ఏ సగం ఎక్కువ పని చేస్తుందో చూడవలెను.

ఇవే 5 గంటలు, ఇదే అరగంట అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర చట్టంలోను ఉండడం విశేషం. అక్కడ అయిదవ గంట ముగియకముందే అరగంట భోజన విరామం ఇవ్వవలెను. మనకూ వారికీ భేదం విరామం ఇవ్వనప్పుడు తెలుస్తుంది. యజమాని విరామం ఇవ్వని ప్రతి రోజుకు ఒక గంట అదనపు వేతనం నేరుగా కార్మికునికే చెల్లించవలెను. ఆ సొమ్ము జరిమానా కాదు, వేతనమేనని ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం 2007లో తీర్పు చెప్పింది. కావున మూడేళ్ల వెనుకటి బాకీని కూడ అడగవచ్చును. యజమాని కార్మికుని సమస్త విధులనుండి విడిచిపెట్టవలెనేగాని, అతడు ఆ సమయంలో పని చేయకుండా కావలి కాయనక్కరలేదని 2012లో స్పష్టం చేసింది. విరామ వేళల నమోదు సరిగా లేకపోతే, విరామం ఇవ్వలేదనే ముందుగా భావించవలెనని 2021లో చెప్పింది. అనగా ఋజువు భారం పుస్తకం ఎవరి చేతిలో ఉన్నదో వారిపైననే పడుతుంది.

అయినా అక్కడ అంతా సుఖమని భ్రమపడరాదు. గృహోపకరణాలను ఇంటింటికీ చేర్చి బిగించే డ్రైవర్లు వేసిన వ్యాజ్యంలో ముఖ్యమైన ఆరోపణ ఏమంటే, వారు తిన్నా తినకున్నా పనివేళలోనుంచి అరగంట యాంత్రికంగా కోతపడుతున్నదని. రాష్ట్ర నియమం వారికి వర్తిస్తుందని సమాఖ్య అప్పీలు న్యాయస్థానం 2014లో నిర్ణయించింది. కాని 2018లో సమాఖ్య రవాణా భద్రతా శాఖ, తన నియమాల కిందికి వచ్చే భారీ సరకు వాహనాల డ్రైవర్లకు కాలిఫోర్నియా నియమం చెల్లదని ప్రకటించింది; 2021లో అదే అప్పీలు న్యాయస్థానం దానిని సమర్థించింది. ఆ డ్రైవర్లకు ఇప్పుడు 8 గంటలు బండి నడిపిన తరువాతనే అరగంట. తేలిక వాహనాలవారికి పాత రక్షణ మిగిలింది.

ఇక మన నగర వీధులలో సంచులు మోస్తూ ద్విచక్రవాహనాలపై తిరిగే యువకుల సంగతి. సాయంకాలం ఈ పని చేసి ఉదయం తరగతికి వచ్చే విద్యార్థులు ఈ పుటలు చదువుతారు గనుక దీనిని దాటిపోలేను. రంజాన్ మాసంలో హైదరాబాదులో హలీం ఆర్డర్లు ముమ్మరంగా వచ్చేది సూర్యాస్తమయం వేళనే. ఉపవాసమున్న కుర్రవాడు మరొకరి ఇఫ్తారుకు వేళ మించకుండా అందించే తొందరలో తన ఖర్జూరాన్ని బండి మీదనే నోట వేసుకొంటాడు. అతనికి అరగంట ఎవరివ్వవలెను? 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇటువంటివారిని గుర్తించింది. అయితే యజమాని-ఉద్యోగి అనే సంప్రదాయ సంబంధానికి వెలుపలివారిగా గుర్తించింది. ఆ గుర్తింపు బీమా వంటి సంక్షేమానికే గాని, పనిగంటలకు, విరామానికి సంబంధించినది కాదు. నాటి లారీ డ్రైవరు విషయంలో ఎన్ని గంటలు నడిపినాడో ఋజువు చేయడమే కష్టంగా ఉండేది. ఈ యువకుని విషయంలో ఎప్పుడు బయలుదేరినాడు, ఎక్కడ నిలిచినాడు, ఎంతసేపు ఆగినాడు అన్నది చేతిలోని ఫోను ద్వారా నిమిషాలతో సహా నమోదవుతూనే ఉన్నది. ఆ లెక్క మాత్రం సంస్థ చేతిలోనే ఉన్నది.