రెండు చెవులు

ధర్మపురిలో సేలం పోయే రోడ్డు దాటుతున్నారనుకోండి. కుడివైపున బస్సు హారను మోగింది. కన్ను చూడకముందే తల అటు తిరుగుతుంది. ధ్వని ఎటునుండి వచ్చిందో ఎలా తెలిసింది?

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కుడివైపు మోత ముందు కుడి చెవిని, తరువాత ఎడమ చెవిని చేరుతుంది. సెకనును పదివేల భాగాలు చేస్తే, ఈ తేడా ఆరేడు భాగాలకు మించదు. తల అడ్డుగా ఉండటం వలన కీచు ధ్వనులు ఎడమ చెవికి తగ్గి వినబడతాయి. ఈ రెండు గుర్తులనూ 1907లో ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ ప్రభువు వివరించాడు.

ఇంత స్వల్పకాలాన్ని మెదడు ఎలా కొలుస్తుంది? 1948లో అమెరికా శాస్త్రవేత్త జెఫ్రెస్ ఒక నమూనాను ఊహించాడు. రెండు చెవుల నాడులు ఎదురెదురుగా వస్తాయి. వాటి నడుమ కణాలు వరుసగా ఉంటాయి. రెండు సంకేతాలూ ఒకేసారి అందిన కణమే స్పందిస్తుంది. ఆ కణం ఉన్న చోటే దిక్కును తెలుపుతుంది. చీకటిలో చప్పుడును బట్టి ఎలుకను పట్టే గుడ్లగూబ మెదడులో కొనిషి మొదలైనవారు ఇటువంటి అమరికనే కనుగొన్నారు. క్షీరదాలలో పద్ధతి కొంత వేరని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

ఒక చెవి వినబడని పిల్లవానికి పిలుపు వినబడుతుంది. అది ఎటునుండి వచ్చిందో తెలియడం కష్టం. అతడు దిక్కులు చూస్తే పరధ్యానమని నవ్వరాదు. మంచి చెవి గురువుగారి వైపు ఉండేటట్లు అతనికి చోటివ్వండి. రోడ్డు దాటేటప్పుడు తోడుండండి. చెవిలో పుల్లలు పెట్టవద్దు. చీము కారితే వైద్యునికి చూపించండి.

చేసి చూడండి: మిత్రుని కళ్ళకు గంతలు కట్టి, ఒక్కొక్క దిక్కునుండి చప్పట్లు కొట్టండి. ఒక చెవి మూసినప్పుడు అతడు ఎన్నిసార్లు పొరబడ్డాడు? కారణం రాయండి.