జీతం కాగితంలో లేని సంగతులు

పీలమేడు, కోయంబత్తూరు

అమ్మణీ,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన రెండు ఆఫర్ కాగితాలూ చేరాయి. హైదరాబాదులో శిక్షణ రోజుల్లో నీకు తెలుగు అక్షరాలు పట్టుబడ్డాయి కనుక జవాబు తెలుగులోనే రాస్తున్నాను. మీ అమ్మకి నువ్వే చదివి వినిపించు. ఇక్కడి మనవాళ్లలో చాలామందిలాగే ఆమెకీ ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం.

విమానం నడపడం గురించి నీకు చెప్పేంతవాణ్ణి కాను. ఉద్యోగకాలమంతా స్పిన్నింగ్ మిల్లులో జీతాల లెక్కలూ షిఫ్టుల పట్టికలూ చూసినవాణ్ణి. ఆ కళ్లతోనే నీ కాగితాలు చదివాను. చార్టర్ కంపెనీవాళ్లు ఇస్తామన్నది, రెండో కంపెనీ ఏటీఆర్ విమానానికి ఇస్తామన్నదానికి ఒకటిన్నర రెట్లు ఉంది. మీ నాన్న టి. కల్లుపట్టి దగ్గరి పొలం కుదువబెట్టి నీ చదువు చెప్పించాడు గనుక నీ చూపు ఆ అంకె మీదే ఆగింది. ఆగడం సహజమే, అందులో తప్పేమీ లేదు.

కానీ ఆ కాగితంలో నీకు పెట్టిన పేరు చూశావా? నిన్ను ఉద్యోగిగా తీసుకోవడం లేదు, కన్సల్టెంటుగా తీసుకుంటున్నారు. ఇచ్చేది జీతం కాదు, ఫీజు. అంటే ప్రావిడెంట్ ఫండ్ లేదు, గ్రాట్యుటీ లేదు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన చట్టం ఉద్యోగినులకోసం. కన్సల్టెంటుకి అది దక్కాలంటే కోర్టు మెట్లెక్కాలి. రేపు నీకు పెళ్లయి, బిడ్డ కడుపున పడితే కొన్ని నెలలు విమానం నడపలేవు. ఆ నెలల్లో వాళ్లేమిస్తారని అడిగావా? మెడికల్‌లో తాత్కాలికంగా అన్‌ఫిట్ అయితే ఏమిస్తారు? లైసెన్సే పోతే ఆదుకునే బీమా వాళ్లు కడతారా, నువ్వు కట్టుకోవాలా? ఇవన్నీ కలిపి లెక్క వేస్తే ఒకటిన్నర రెట్లన్నది ఎక్కడికి దిగుతుందో చూడు. ఈ లెక్క నువ్వే వెయ్యాలి. వాళ్లు వేసి చూపించరు.

ఇప్పుడు పనివేళల సంగతి. ఇది నాకు బాగా తెలిసిన విషయం, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

చార్టర్‌లో టైమ్‌టేబుల్ ఉండదు. విమానం అద్దెకి తీసుకున్నాయన పని ఎప్పుడు ముగిస్తే అప్పుడే తిరుగు ప్రయాణం. పొద్దున్నే ఆయన్ని తిరుపతికి తీసుకెళతావు. దర్శనం, భోజనం, ఎవరితోనో మాటలు, అయ్యేసరికి చీకటి పడుతుంది. ఆ రోజు నువ్వు గాల్లో ఉన్నది రెండు గంటలు. ఎయిర్‌పోర్టులో, విమానం పక్కన కాచుకున్నది పన్నెండు గంటలు. గంటల లెక్కన డబ్బిచ్చే కంపెనీకి కనబడేది మొదటి అంకె. రాత్రి దిగేటప్పుడు నీ కళ్లకి తెలిసేది రెండోది. మిల్లులో మూడో షిఫ్టు చివర, తెల్లవారుజామున రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడ్డ మనిషి కళ్లు తెరిచే ఉండేవి, చెయ్యి మాత్రం ఒక క్షణం వెనకబడేది. ప్రమాదాల రిజిస్టరు తిరగేస్తే ఆ వేళకే ఎక్కువ పేర్లు కనిపించేవి. పనిమంతులే, అజాగ్రత్త మనుషులు కారు. నిద్రకి నేర్పరితనంతో సంబంధం లేదు.

ఇది మన దేశంలో చట్టం దాకా వచ్చిన విషయమే. 2024 జనవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రిపూట ల్యాండింగులను ఆరు నుంచి రెండుకి తగ్గించింది. కంపెనీలు ఒప్పుకోక, అది కోర్టుదాకా వెళ్లి, 2025 జూలైలో కొంతా నవంబరులో మిగతాదీ అమల్లోకి వచ్చాయి. ఆ డిసెంబరులోనే ఇండిగో వేలకొద్దీ విమానాలు రద్దు చేసింది. సరిపడా పైలట్లు లేరు, కొత్త నియమానికి తగ్గట్టు రోస్టరు వేసుకోలేదు. అంత పెద్ద కంపెనీయే విశ్రాంతి లెక్క దగ్గర తడబడింది. ఆ నియమాలు వేళాపట్టిక ప్రకారం నడిచే విమానాలకి. నీ చార్టర్ కంపెనీ పాటించే డ్యూటీ పరిమితులు వాళ్ల ఆపరేషన్స్ మాన్యువల్‌లో ఉంటాయి. ఆ పేజీ చూపించమను. ఎయిర్‌పోర్టులో కాచుకున్న సమయాన్ని డ్యూటీగా రాస్తారా లేదా, స్టాండ్‌బై రోజు సెలవుగా చూపిస్తారా, నెలలో ఎన్నిరోజులు ఫోన్ కట్టేసుకుని మదురైలో మీ అమ్మ దగ్గర ఉండొచ్చు, ఇవి అడుగు. చూపించడానికి వెనకాడితే అదే వాళ్ల జవాబనుకో.

అన్నిటికన్నా నేను భయపడేది ఇంకొకటి ఉంది. ఎక్కినవాడు పెద్దమనిషి, త్వరలో ఉన్నాడు, ఆకాశం బాగాలేదు. అప్పుడు "ఈరోజు వెళ్లలేం సార్" అని పైలట్ అనగలగాలి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి ఎక్కిన అద్దె హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన సినీనటి సౌందర్య విమానం బెంగళూరు జక్కూరులో లేచిన కాసేపటికే పడిపోయింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ వానలో నల్లమల కొండల్లో కూలింది. అది ప్రభుత్వానిదే, అద్దెది కాదు. మూడింటికీ కారణం ఒకటే అనడం లేదు, ఒక్కోదానిది ఒక్కో కథ. ఈ మూడింటిలోనూ పైలట్లు పోయారు. పెద్దవాళ్ల పేర్లు తెలుగువాళ్లందరికీ గుర్తున్నాయి, పైలట్ల పేర్లు వాళ్ల ఇళ్లల్లోనే ఉండిపోయాయి. ఆ ఇళ్లల్లో మన ఇల్లు చేరకూడదు.

అందుకని ఇంటర్వ్యూకి మళ్లీ వెళ్లినప్పుడు ఒక ప్రశ్న సూటిగా వెయ్యి: గత ఏడాది మీ పైలట్లు వాతావరణం బాగాలేక ఎన్ని ట్రిప్పులు వద్దన్నారు, తర్వాత వాళ్లకేమైంది? ఒక్కటీ లేదని గర్వంగా చెబితే లేచి వచ్చెయ్యి. అలాగే ఆ కంపెనీ వదిలివెళ్లిన పైలట్ ఎవరినైనా పట్టుకో. టెక్ లాగ్‌లో స్నాగ్ రాస్తే ఇంజినీరు ఏమనేవాడు, యజమాని ఏమనేవాడు అని అడుగు. లోపం రాయకుండా నోటిమాటగా చెప్పమనే చోట నీ సంతకానికి విలువ లేదు. ఏదైనా జరిగిననాడు మాత్రం కాగితం మీద ఉండేది నీ సంతకమే.

చిన్న కంపెనీ అని నిన్ను భయపెట్టడం లేదు. ఈ ఊరు చిన్నగా మొదలైనవాళ్లు కట్టిందే. జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి, పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపారు. కానీ విమానాల వ్యాపారం వేరు. మన కళ్లముందే చూశాం కదా. మదురై జౌళి వ్యాపారుల పారమౌంట్ ఎయిర్‌వేస్ 2005 అక్టోబరులో ఎంబ్రాయర్ విమానాలతో ఎంతో హుందాగా మొదలైంది, విమానాలు అద్దెకిచ్చినవాళ్లతో తగాదాలొచ్చి 2010లో ఆగింది. కోయంబత్తూరు నుంచే ఎయిర్ కార్నివాల్ 2016 జూలైలో లేచి, మరుసటి ఏప్రిల్ దాటలేదు. పెద్దవాటిలో కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో జీతాలు బాకీపెట్టి మూతపడ్డాయి. మూతపడే కంపెనీలో జీతం కన్నా ముందు ఆగేది పీఎఫ్ జమ. నువ్వు చేరబోయే చోట ఉద్యోగులుగా ఉన్నవాళ్లని, మెకానిక్కో ఆఫీసు గుమాస్తానో అయినా సరే, వాళ్ల పాస్‌బుక్‌లో నెలనెలా జమ పడుతోందా అని అడుగు. నా అనుభవంలో కంపెనీ ఆరోగ్యం చెప్పే కాగితం అంతకన్నా మంచిది లేదు.

బాండు గురించి రెండు మాటలు. ఏటీఆర్ కంపెనీ టైప్ రేటింగ్ శిక్షణ ఖర్చు పెట్టుకుని, మూడేళ్లకి బాండు అడుగుతోంది. కట్టేస్తున్నట్టు అనిపిస్తుంది గానీ, అది ఎంత మొత్తమో, ఏడాదికేడాది ఎలా తగ్గుతుందో అందులో స్పష్టంగా రాసి ఉంది. చార్టర్ కాగితంలో బాండు లేదు, కానీ నోటీసు ఇవ్వకుండా వెళ్తే "నష్టపరిహారం" అని ఉంది, ఎంతో లేదు. విమానయాన సంస్థల్లో కమాండర్ ఏడాది, ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు ముందు నోటీసు ఇవ్వాలని డీజీసీఏ 2017లో పెట్టిన నియమం నీకు తెలిసే ఉంటుంది. అంత పొడుగు నోటీసు ఉన్న వృత్తిలో అంకె రాయని షరతు మీద సంతకం పెట్టకూడదు. ఆ ఖాళీలో ఏ అంకె రాయాలన్నా రాసేది వాళ్లే.

ఇంకొకటి, ఆడపిల్లవి గనుక అడుగుతున్నాను. వేరే ఊళ్లో రాత్రి ఉండాల్సొస్తే హోటలు ఎవరు చూస్తారు, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు నుంచి కారు ఎవరిది? ఇది కూడా రాతలో ఉండాలి. అడగడానికి మొహమాటపడకు.

నా మాట అడిగావు కనుక చెబుతున్నాను. ఉన్నది ఉన్నట్టుగా చార్టర్ కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఉద్యోగిగా తీసుకుంటామని, నెలలో ఫోన్ రాని సెలవులు ఇన్ని అని, వద్దన్న ట్రిప్పుకి జీతంలో కోత పెట్టబోమని రాసిస్తే చేరు. చార్టర్‌లో నేర్చుకునేది చాలా ఉంటుందని నీ సీనియర్లు అన్నమాట నిజమే అయ్యుంటుంది. రాసివ్వకపోతే తక్కువ జీతమైనా ఏటీఆర్‌లో చేరు. అక్కడ గంటలు లాగ్‌బుక్‌లో క్రమంగా పెరుగుతాయి. ఏటీపీఎల్ లైసెన్సుకి కావలసిన 1500 గంటలు చేతికొచ్చాక ఇంతకన్నా మంచి చార్టరే నిన్ను వెతుక్కుంటూ రావచ్చు.

పొలం సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. మీ నాన్నతో నేను మాట్లాడాను. వడ్డీ ఈ రెండేళ్లు నేను కడతాను, నువ్వు నిలదొక్కుకున్నాక తీరుద్దువు. అప్పు తొందర నీ చేత సంతకం పెట్టించకూడదనే ఈ ఏర్పాటు. కంపెనీవాళ్లు ఏం జవాబిచ్చారో, ఆ కాగితం నకలు నాకు పంపు. నేను చదివాకే సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
మీ మామయ్య