అమ్మమ్మ గుర్తుంటుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బెంగ: పసివాళ్ళకి ఏది గుర్తుంటుంది, ఏది జారిపోతుంది అని. అందుకే ఈ సంచిక మొత్తం వాటికే.

*మా బాబుకి మూడేళ్ళు నిండాయి. నేను ఉద్యోగానికి వెళ్తుంటే నాలుగో నెల నుంచీ వాణ్ణి మా అమ్మే పెంచింది. స్నానం, గోరుముద్దలు, మధ్యాహ్నం నిద్ర అన్నీ అమ్మమ్మ దగ్గరే. నాలుగు నెలల క్రితం అమ్మ గుండెపోటుతో పోయింది. మొదట్లో రోజూ అడిగేవాడు, ఇప్పుడు వారానికోసారి అడుగుతున్నాడు. ‘నువ్వు గుర్తుచేయకు, వాడే మరిచిపోతాడు’ అంటారు మావారు. వాడు మరిచిపోతాడనే నాకు భయం. వాడికి అమ్మమ్మ గుర్తుండదా?*
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

కష్టమైన మాట ముందే చెప్పేస్తానమ్మా. ఊరికే వదిలేస్తే చాలావరకు గుర్తుండదు. పెద్దవాళ్ళని అడిగితే వాళ్ళ తొలి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నరేళ్ళ వయసు నాటిది. జ్ఞాపకాలు కుదురుకోవడానికి కావలసిన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ఆ వయసున కొత్త కణాలు జోరుగా పుడుతూ ఉంటాయనీ, ఆ సందడిలో పాత అల్లిక చెదిరిపోతుందనేది శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి. జరిగినదాన్ని కథగా చెప్పుకునే మాటలు ఇంకా పూర్తిగా రాకపోవడం మరొకటి.

అయితే ఈ మరుపు మనం అనుకున్నంత తొందరగా రాదు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా బావర్ బృందం మూడేళ్ళ పిల్లలు తల్లులతో చెప్పిన కబుర్లని రికార్డు చేసి, ఆ సంగతులే కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ అడిగింది. ఐదు నుంచి ఏడేళ్ళ వయసులో అడిగినవాళ్ళకి సగానికి పైగా గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు అడిగినవాళ్ళకి నలభై శాతం కూడా మిగల్లేదు. అంటే మీవాడికి అమ్మమ్మ ఇవాళ గుర్తుంది, ఒకటో తరగతిలో చేరేనాటికీ గుర్తుండొచ్చు. జారిపోవడం ఆ తర్వాత. ఈలోగా మీకు నాలుగేళ్ళకి పైనే వ్యవధి ఉంది. మీవారి సలహా పాటిస్తే వృథా అయ్యేది సరిగ్గా ఈ నాలుగేళ్ళే.

ఏం చేయాలంటే, మాట్లాడాలి. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో ఎలేన్ రీస్, ఆమె సహచరులు ఏళ్ళ తరబడి గమనించింది ఇదే. జరిగిన సంగతుల్ని వివరంగా, ప్రశ్నలేస్తూ పిల్లలతో నెమరేసుకునే తల్లుల బిడ్డలకి జ్ఞాపకాలు చిక్కగా ఉంటాయి. అక్కడి మావోరీలలో పూర్వీకుల కథలు, కుటుంబ చరిత్ర చెప్పుకోవడం పెద్ద సంప్రదాయం. వాళ్ళ తొలి జ్ఞాపకం సగటున మూడేళ్ళ లోపుదేనని 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది.

అడిగే తీరులో తేడా ఉంది. ‘అమ్మమ్మ గుర్తుందా?’ అంటే ‘ఊఁ’ అంటాడు, అక్కడితో సరి. ‘అమ్మమ్మ నీ నెత్తిమీద నీళ్ళు పోస్తే నువ్వేం చేసేవాడివి?’ అని అడిగి చూడండి. ‘ఏడ్చేవాణ్ణి’ అంటాడు. ‘ఏడ్చేవాడివా! అప్పుడు అమ్మమ్మ ఏమనేది?’ అని అందుకోండి. వాడు తప్పు చెబితే పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దకండి. మీ వంతుగా ఇంకో ముక్క కలపండి, చాలు. అన్నం పెట్టేటప్పుడో, స్నానం చేయించేటప్పుడో రెండు నిమిషాలు పట్టే పని ఇది. సంవత్సరీకం నాడు ఫొటోకి దండ వేసి దణ్ణం పెట్టించడం కన్నా దీనివల్లే ఎక్కువ నిలుస్తుందని నా అనుభవం. అమ్మ కట్టిన పాత చీరలుంటే వాడికో బొంత కుట్టించండి. వాట్సాప్‌లో ఆవిడ పంపిన వాయిస్ మెసేజీలుంటే ఇవాళే వేరేచోట భద్రం చేయండి. ఫోన్ మార్చినప్పుడు అవి పోగొట్టుకుని కుమిలిపోయినవాళ్ళని చాలామందినే చూశాను.

మీవారిని కోప్పడకండి. బిడ్డ బెంగపడతాడనే ఆయన భయం. కానీ ఇంట్లో అందరూ ఆ పేరెత్తడం మానేస్తే, అది అడగకూడని విషయమని మూడేళ్ళవాడికి కూడా అర్థమైపోతుంది. చావు గురించి అడిగినప్పుడు ‘ఊరెళ్ళింది’ అంటే రోజూ గుమ్మం వైపు చూస్తాడు. ‘నిద్రపోయింది’ అంటే నిద్రంటేనే భయపడతాడు. ‘అమ్మమ్మ చచ్చిపోయింది నాన్నా, ఇంక రాదు, మనం తలుచుకోవచ్చు’ అని తిన్నగా చెప్పండి. మీ నమ్మకాన్ని బట్టి దేవుడి మాట దానికి జతచేస్తే తప్పులేదు. మళ్ళీ అడుగుతాడు. ఇక ఎప్పటికీ రాదన్న సంగతి ఆ వయసుకి ఒక్కసారి చెబితే అందేది కాదు. చెబుతూ మీకు ఏడుపొస్తే రానివ్వండి, ఎందుకు ఏడుస్తున్నారో కూడా చెప్పండి. వారాల తరబడి తిండి సరిగా తినకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా పిల్లల డాక్టరుకి చూపించండి.

ఇంకొక్క మాట. అమ్మమ్మ ముఖం మసకబారినా, ఏడ్చినప్పుడల్లా ఎత్తుకునే మనిషి ఒకరుండేవారన్న ధీమా వాడిలో ఉండిపోతుంది. దానికి తేదీలు, సంఘటనలు అక్కర్లేదు.

*దసరా సెలవులకి నాలుగేళ్ళ పాపని వైజాగ్ తీసుకెళ్ళాం. కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, జూ అన్నీ చూపించి, అంతా వీడియో తీశాను. ఇంటికొచ్చాక నాయనమ్మ అడిగితే ‘కాకి నాన్న చేతిలో బజ్జీ ఎత్తుకుపోయింది’ అని ఒక్క ముక్క చెప్పింది. ఇంతదానికి ముప్పై వేలు ఖర్చుపెట్టానా అనిపిస్తోంది.*
– ఒక తండ్రి, నిజామాబాద్

మీ పాప కళ్ళతో చూడండి. సబ్‌మెరైన్ అంటే ఏమిటో, సముద్రం అడుగున ఎందుకు తిరుగుతుందో తనకి తెలియదు. తన మటుకు అదొక ఇరుకైన ఇనప ఇల్లు. కాకి తెలుసు, బజ్జీ తెలుసు, నాన్న అందరికన్నా బలమైనవాడనీ తెలుసు. అంత నాన్నని కాకి ఓడించింది! ఆ ఊళ్ళో జరిగిన అతి పెద్ద వార్త అదే. మీరైనా ఇన్నాళ్ళూ అది మరిచిపోలేదు, ఉత్తరంలో రాశారు.

ఇక ఆ వీడియోల సంగతి. లిండా హెంకెల్ అనే మనస్తత్వవేత్త 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో ఊరికే చూసిన వస్తువుల కన్నా ఫొటో తీసిన వస్తువులు చూసినవాళ్ళకి తక్కువ గుర్తున్నాయి. మీకూ ఫోన్ తెరే గుర్తుండిపోయే ప్రమాదం ఉంది. వచ్చేసారి రోజుకి ఒక్కచోటే పెట్టుకోండి. ఫోన్ జేబులో వేసి, బీచ్‌లో మురీమిక్చర్ తింటూ గంటసేపు ఇసుకలో కూర్చోండి. ఈలోగా కాకి కథని మీ పాప చేత ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పించండి. సబ్‌మెరైన్ దాని వెనకే వస్తుంది: ‘ఆ బజ్జీ తినేముందు మనం ఇనప ఇంట్లోంచి బయటికొచ్చాం కదా?’

*మా అమ్మాయికి ఐదేళ్ళు. మా పెళ్ళి ఆల్బమ్ చూసి ‘నన్నెందుకు పిలవలేదు’ అని ఒకటే ఏడుపు. వారం తిరక్కుండానే బళ్ళో స్నేహితురాలికి ‘మా అమ్మ పెళ్ళిలో నేను డాన్స్ చేశా’ అని చెప్పిందట. ఇప్పటినుంచే అబద్ధాలు అలవాటవుతున్నాయా?*
– ఒక తల్లి, సూర్యాపేట

అబద్ధం కాదమ్మా. చూసింది, విన్నది, ఊహించుకున్నది వేటికవి విడదీసుకునే నేర్పు ఐదేళ్ళకి ఇంకా పూర్తిగా రాదు. పిల్లల మనసు గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన జాఁ పియాజేకే ఇది జరిగింది. తనని పసితనంలో పారిస్‌లో బండిలో తిప్పుతుండగా ఎవడో ఎత్తుకుపోబోయాడనీ, ఆయా పెనుగులాడి కాపాడిందనీ ఆయనకి కళ్ళకి కట్టినట్టు గుర్తుండేది. ఆయనకి పదిహేనేళ్ళప్పుడు ఆ ఆయా ఉత్తరం రాసింది: అదంతా కల్పన అని, అప్పుడు బహుమానంగా ఇచ్చిన గడియారం తిరిగి ఇచ్చేస్తున్నానని. ఇంట్లో పెద్దలు చెప్పుకోగా విన్న కథే ఆయన మనసులో దృశ్యమై కూర్చుంది. చిన్నప్పుడు బావిలో పడింది తానంటే తానని అరవయ్యేళ్ళు దాటిన అన్నదమ్ములు వాదించుకునే ఇల్లు నాకూ ఒకటి తెలుసు.

తిట్టకండి, నలుగురిలో నవ్వకండి. ‘నువ్వప్పటికి ఇంకా పుట్టలేదు తల్లీ. ఉంటే ఏ పాటకి చేసేదానివి?’ అనండి. నిజం చెప్పినట్టూ అవుతుంది, డాన్సు చూసినట్టూ అవుతుంది.

*మా మనుమడు డాలస్‌ల ఉంటడు. రెండేండ్లు. ఆదివారం వీడియో కాల్ చేస్తే రెండు నిమిషాలు కూడా కూసోడు, ఉరుకుతడు. చిన్న పిల్లలకు స్క్రీన్ మంచిది కాదని కోడలు అంటది. మేము వానికి ఎట్ల యాదికుంటం?*
– ఒక తాత, కరీంనగర్

మీ కోడలు చెప్పింది సబబే, కాకపోతే మీకు అందులో మినహాయింపు ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్లు వద్దన్న భారత పిల్లల వైద్యుల సంఘమే, దగ్గరి బంధువులతో అప్పుడప్పుడూ మాట్లాడే వీడియో కాల్‌ని మాత్రం వదిలిపెట్టింది. కార్టూన్ బొమ్మ పిల్లవాడికి బదులు పలకదు, మీరు పలుకుతారు. తేడా అక్కడే ఉంది.

వాడు ఉరకడం మీ మీద ప్రేమ లేక కాదు. ‘తిన్నవా? మంచిగున్నవా? తాతకు ముద్దియ్యి’ అనేవి రెండేళ్ళవాడికి విసుగు పుట్టించే మాటలు. మాట్లాడించడం మానేసి ఆడండి. తువ్వాలు ముఖం మీద కప్పుకుని తీయండి. మీ ఇంటి ముందు కోడినో మేకనో చూపించండి. అవ్వను మక్కకంకి కాల్చి చూపించమనండి. వాడి దగ్గరున్న బంతి లాంటిదే మీరూ ఒకటి కొనుక్కుని, వాడు విసిరినప్పుడు మీరూ విసరండి. ఆదివారం అరగంట కన్నా వారంలో నాలుగు రోజులు ఐదేసి నిమిషాలు మేలు. వేసవిలో డాలస్‌లో పొద్దున ఏడున్నర అంటే మీకు సాయంత్రం ఆరు, చలికాలంలో ఏడు. వాడు పాలు తాగే వేళ అదే అయితే కుర్చీలో కూర్చునే ఉంటాడు, ఎక్కడికీ పోడు. వాడు ఇక్కడికి వచ్చినప్పుడు విమానాశ్రయంలో వెంటనే ఎత్తుకోకండి. అదే తువ్వాలు ఆట మొదలుపెట్టండి, వాడే వస్తాడు.

*మా పెళ్ళి 1987లో. అప్పటి ఆల్బమ్‌లో జిగురు పేజీల మీద ఫొటోలు అంటుకుపోయి పసుపు రంగుకి తిరిగాయి. వీడియో క్యాసెట్ మీద తెల్లని మచ్చలొచ్చాయి. మనవలకి చూపిద్దామంటే రెండూ ఇలా ఉన్నాయి. దారేమన్నా ఉందా?*
– ఒక నాయనమ్మ, మంగళగిరి

ఇది నా వైద్యం కిందికి రాదు గానీ, పిల్లల్ని మాట్లాడించడానికి పాత ఆల్బమ్‌ని మించిన సాధనం నేను చూడలేదు. అందుకని చెబుతాను.

ఏదీ పీకకముందే ప్రతి పేజీనీ ఉన్నదున్నట్టు ఫోన్‌తో ఫొటో తీయించండి, వరస పోకుండా. ఆ జిగురూ పైన ప్లాస్టిక్ పొరా కలిసే ఫొటోల్ని పాడుచేస్తున్నాయి. పళ్ళ సందుల్లో తోముకునే దారం మందుల షాపుల్లో దొరుకుతుంది. దాన్ని ఫొటో వెనక్కి పోనిచ్చి రంపంలా నెమ్మదిగా ఆడిస్తే చాలా ఫొటోలు ఊడివస్తాయి. రానివాటిని బలవంతం చేయకండి, పేజీతో సహా స్కాన్ చేయించండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పెట్టమనేవాళ్ళ మాట వినకండి. స్కానింగ్ 600 డీపీఐలో అడగండి. ల్యామినేషన్ చేస్తామంటే వద్దనండి, ఇక ఎన్నటికీ విడదీయలేరు. ఫొటోల వెనక బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు గీత తేలుతుంది. కాబట్టి నంబర్లు వేసి, ఎవరెవరో విడిగా ఒక నోటు పుస్తకంలో రాయండి. మనవల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ రాయండి. ‘ఈ మామయ్య ఎందుకు మూతి ముడుచుకున్నాడు?’ అని వాళ్ళే అడుగుతారు. అలకపాన్పు కథ అప్పుడు చెప్పొచ్చు.

క్యాసెట్ విషయం తొందరగా చూడాలి. ఆ తెల్లమచ్చలు బూజు కావచ్చు. ‘ఆడుతుందేమో ఒకసారి చూద్దాం’ అని ప్లేయర్‌లో పెట్టారంటే టేపు తెగొచ్చు, ఆ బూజు ప్లేయర్‌కి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్‌కీ పాకుతుంది. వీసీఆర్‌లు తయారుచేసిన చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016లో ఆ పని ఆపేసింది. బాగా పనిచేసే ప్లేయర్లున్న స్టూడియోలు ఏటికేడు తగ్గుతున్నాయి. ఇచ్చేముందు బూజు శుభ్రం చేసే పని వాళ్ళకి వచ్చో రాదో అడగండి, రాదంటే వేరేచోటికి వెళ్ళండి. డీవీడీ కాకుండా ఫైలుగా హార్డ్ డిస్కులో వేయించుకుని, ఇంకో నకలు వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర పెట్టించండి. పని పూర్తయ్యాక అసలు క్యాసెట్ కూడా వెనక్కి తీసుకోవడం మరవకండి.